ఎఫెసస్ శిథిలాలు చూడబోతున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

టర్కీ వెళ్తున్నామని చెప్పే స్నేహితులు, బంధువులు, చర్చి బృందాలతో బయల్దేరే పెద్దవాళ్లు నన్ను అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. విడివిడిగా ఫోన్లో చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసిపెట్టాను. ప్రయాణం ఏ దశలో ఉంటే ఆ భాగానికి నేరుగా వెళ్లండి. ఏ జవాబుకి ఆ జవాబే పూర్తిగా ఉంటుంది.

## వెళ్లాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

గ్రీకు నగరం అంటారు, మరి టర్కీలో ఎందుకుంది?

ఏజియన్ సముద్రానికి రెండు ఒడ్డుల్లోనూ గ్రీకులు ఉండేవాళ్లు. ఇప్పటి టర్కీ పడమటి తీరంలో మధ్యభాగాన్ని అయోనియా అనేవారు. క్రీ.పూ. 10వ శతాబ్దం ప్రాంతంలో ఏథెన్స్ వైపు నుంచి వలస వచ్చినవాళ్లు ఎఫెసస్‌ను స్థాపించారని సంప్రదాయం. నాయకుడు ఆంద్రోక్లస్. చేప, అడవి పంది దారి చూపిన చోట ఊరు కట్టమని దైవవాణి చెప్పిందట. ఒడ్డున వేయిస్తున్న చేప నిప్పులతో సహా ఎగిరిపడి పొద అంటుకుంటే, అందులోంచి పంది పరుగెత్తిందని కథ. ఈ పంది వేట దృశ్యం రోమన్ చక్రవర్తి హేడ్రియన్ పేరిట ఉన్న గుడి మీది శిల్పాల్లో ఉంది. 'అన్నీ ప్రవహిస్తూనే ఉంటాయి' అనే ఆలోచనతో ముడిపడ్డ తత్వవేత్త హెరాక్లిటస్ ఈ ఊరివాడే. గ్రీసు, టర్కీల మధ్య జరిగిన 1923 నాటి జనాభా మార్పిడి దాకా ఈ చుట్టుపక్కల గ్రీకు మాట్లాడే ఊళ్లు ఉన్నాయి.

అక్కడ కనిపించేవన్నీ రోమన్ కట్టడాలేనట కదా, గ్రీకు ఏముంది?

కంటికి కనిపించే పాలరాయిలో ఎక్కువ భాగం రోమన్ కాలానిదే, నిజం. కానీ ఊరిని ఈ లోయలోకి తెచ్చినవాడు అలెగ్జాండర్ సేనానుల్లో ఒకడైన లిసిమాకస్. క్రీ.పూ. 300 తర్వాత అతను బుల్బుల్‌దా, పనాయిర్‌దా అనే రెండు కొండల మధ్య నగరాన్ని నిలబెట్టి, చుట్టూ సుమారు 9 కిలోమీటర్ల గోడ కట్టించాడు. ఆ గోడ ముక్కలు బుల్బుల్‌దా కొండ మీద ఇప్పటికీ కనిపిస్తాయి. థియేటర్‌కి పునాది, అగోరా అనే సంత మైదానం ఆ గ్రీకు ఊరివే. రోమ్ పాలనలోనూ జనం మాట గ్రీకే, శాసనాల్లో చాలావరకూ గ్రీకే. రోమన్లు వచ్చి గ్రీకులను తోసేశారని అనుకుంటే ఈ ఊరు అర్థం కాదు. ఇక్కడి గ్రీకులే రోమన్ పౌరులై, రోమన్ పద్ధతిలో కట్టుకున్నారు.

అచ్చంగా గ్రీకు పద్ధతిలో గళ్లు గీసినట్టున్న వీధులు చూడాలని ఉంటే దక్షిణాన ప్రియెనె అనే చోటికి వెళ్లండి. జనం తక్కువ. నా మటుకు ఈ రెండూ కలిపి చూస్తేనే తృప్తి.

బైబిల్లో వచ్చే ఎఫెసు ఇదేనా?

ఇదే. పౌలు ఇక్కడ రెండేళ్లకు పైగా ఉన్నాడని అపొస్తలుల కార్యములు చెబుతుంది. ఆర్టెమిస్ అనే గ్రీకు దేవత గుడి బొమ్మలు చేసి బతికే కంసాలి దేమేత్రియ లేపిన అల్లరి 19వ అధ్యాయంలో ఉంది. జనం పరుగెత్తి చేరిన నాటకశాల ఇప్పుడు మీరు ఎక్కబోయే థియేటరే. అయితే దాని ఇప్పటి ఆకారం చాలావరకు తర్వాతి దశాబ్దాల్లో పెంచి కట్టింది. ప్రకటన గ్రంథంలోని ఏడు సంఘాల్లో మొదటి పేరు కూడా ఎఫెసుదే. అందుకే తెలుగు రాష్ట్రాల నుంచి ఏడు సంఘాల యాత్రకు వెళ్లే బృందాలు ఇక్కడ తప్పకుండా ఆగుతాయి. ఆ యాత్రల్లో చాలావాటికి ఇక్కడ ఇచ్చే సమయం గంటన్నరే. బుక్ చేసే ముందే దాన్ని పెంచమని అడగండి.

చరిత్ర పెద్దగా తెలియదు. బోర్ కొట్టదా?

కొట్టదు. మిగతా చోట్ల పునాదులు చూసి ఊహించుకోవాలి. ఇక్కడ వీధి వీధిలాగే ఉంది: రాళ్లు పరిచిన బాట, పక్కన దుకాణాల గదులు, కొళాయి మంటపాలు, మరుగుదొడ్లు. వెళ్లే ముందు రాత్రి అరగంట చదువుకుంటే చాలు.

ఒకప్పుడు పెద్ద రేవు అన్నారు, సముద్రమే కనిపించదేం?

ఈ ఊరిని అర్థం చేసుకోవడానికి ఇంతకంటే మంచి ప్రశ్న లేదు. ఇప్పుడు సముద్రం 5 కిలోమీటర్లకు పైగా దూరం జరిగిపోయింది. కారణం పక్కనే పారే నది. గ్రీకులు కేస్టర్ అన్నారు, ఇప్పుడు కుచుక్ మెండెరెస్. ఏటేటా అది తెచ్చిన ఒండ్రు సముద్రపు పాయను పూడ్చుకుంటూ వచ్చింది.

జనం ఊరికే చూస్తూ కూర్చోలేదు. పెర్గమం రాజు రెండవ అట్టాలస్ కాలంలో ఇంజనీర్లు రేవు ముఖాన్ని గట్టుతో ఇరుకు చేశారు. నీళ్లు లోతవుతాయని వాళ్ల లెక్క. బయటికి పోవాల్సిన బురద లోపలే నిలిచి రేవు ఇంకా మెరక పడిందని భూగోళ రచయిత స్ట్రాబో రాశాడు. రోమన్ చక్రవర్తి నీరో కాలంలో గవర్నరు బరేయా సొరానస్ పూడిక తీయించాడు. హేడ్రియన్ చక్రవర్తి క్రీ.శ. 129లో ఇక్కడికి వచ్చినప్పుడు ఒక ఏరును మళ్లించి రేవును కాపాడే పని చేయించాడు. ఏదీ శాశ్వతంగా నిలవలేదు. చివరికి రేవు చిత్తడిగా మారింది, దోమలు పెరిగాయి, జ్వరాలు పట్టాయి. జనం మెల్లగా అయాసులుక్ కొండ వైపు, అంటే నేటి సెల్చుక్ ఊరికి జరిగిపోయారు.

అలా వదిలేయడం వల్లే మనకు ఇంత మిగిలింది. జనం ఉన్న ఊరైతే ఈ రాళ్లన్నీ కొత్త ఇళ్ల గోడల్లోకి పోయేవి. థియేటర్ మెట్ల మీద నుంచి పడమటికి చూడండి. రేవు వీధి తిన్నగా వెళ్లి రెల్లు పొదల దగ్గర ఆగిపోతుంది. ఓడలు నిలిచిన చోటు అదే.

## ప్రయాణం ఏర్పాట్లు చేసుకునేటప్పుడు

వీసా కావాలా?

మామూలు భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు కావాలి. చెల్లుబాటులో ఉన్న అమెరికా, బ్రిటన్, ఐర్లాండ్ లేదా షెంగెన్ వీసా గానీ నివాస అనుమతి గానీ ఉంటే, కొన్ని షరతులతో ఈ-వీసా తీసుకునే వీలు ఉంది. లేకపోతే వీసా కేంద్రం ద్వారా అప్లై చేయాలి. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి టికెట్లు కొనేముందు టర్కీ ప్రభుత్వ సైటులో చూసుకోండి. అదే పేరుతో కనిపించే దళారీ సైట్లు చాలా ఉన్నాయి, జాగ్రత్త.

ఇస్తాంబుల్ నుంచి ఎలా వెళ్లాలి?

ఇస్తాంబుల్ నుంచి ఇజ్మీర్‌కి విమానంలో గంట ప్రయాణం. ఇజ్మీర్ విమానాశ్రయానికే రైలు స్టేషన్ ఉంది. అక్కడి నుంచి సెల్చుక్‌కి నేరుగా రైలు దొరికితే సుమారు గంట. రైళ్లు రోజుకి కొన్నే, టైమ్ ముందే చూసుకోండి. సెల్చుక్ బస్టాండు నుంచి 'దోల్ముష్' అనే షేర్ వ్యాన్లు శిథిలాల కింది గేటు దాకా వెళ్తాయి. దూరం 3 కిలోమీటర్లే. చల్లటి పూట నడిచి వెళ్లినా బాగుంటుంది, దారిలో చెట్ల నీడ ఉంది.

కుషాదాసీలో దిగడం కంటే సెల్చుక్‌లో రాత్రి ఉండటమే నయమని నా అభిప్రాయం. కుషాదాసీ బీచ్ ఊరు, 20 కిలోమీటర్ల దూరం. సెల్చుక్‌లో ఉంటే గేటు తెరిచే వేళకు మీరే ముందుంటారు.

ఏ నెలలో వెళ్లడం మంచిది?

ఏప్రిల్, మే లేదా సెప్టెంబర్ చివర నుంచి అక్టోబర్. మనకు ఎండలు కొత్త కాదని జూలైలో వెళ్లేవాళ్లు చాలామంది. అక్కడి ఇబ్బంది వేరు. లోయలో నీడ దాదాపు లేదు, తెల్లటి పాలరాయి వెలుతురుని తిప్పి కళ్లలోకి కొడుతుంది. వేసవిలోనే వెళ్లక తప్పదంటే పొద్దున్నే వెళ్లి పదకొండు లోపు బయటపడండి. చలికాలంలో వాన పడొచ్చు, కానీ జనం ఉండరు. వసంతంలో గసగసాల జాతి ఎర్రపూలు రాళ్ల సందుల్లో పూస్తాయి, కొంగలు పాత స్తంభాల మీద గూళ్లు కడతాయి. నేనైతే ఏప్రిల్‌నే ఎంచుకుంటాను.

ఎంతసేపు పడుతుంది?

ప్రధాన స్థలానికి మూడు గంటలు. మేడమెట్ల ఇళ్లకు (కొండవాలు మీది ధనికుల ఇళ్లు) ఇంకో గంట. ఆర్టెమిస్ గుడి, మ్యూజియం, సెయింట్ జాన్ బసిలికా కూడా కలిపితే పూర్తి రోజు. రెండు రోజులు ఉంటే రెండోది ప్రియెనె, మిలెటస్, దిదిమా అనే పాత శిథిలాలకు ఇవ్వండి.

టికెట్ ఎంత?

విదేశీయులకు ధర యూరోల్లో ఉంటుంది. 2024లో ప్రధాన టికెట్ 40 యూరోలు, మేడమెట్ల ఇళ్లకు వేరుగా 15 యూరోలు. ఏడాదికోసారి మారుతూ ఉంటుంది. ఆర్టెమిస్ గుడి స్థలానికి టికెట్ లేదు. టర్కీలో చాలా మ్యూజియాలు చూసే ఉద్దేశం ఉంటే మ్యూజియం పాస్ లెక్క వేసుకోండి. ఒక్క ఎఫెసస్ కోసమైతే లాభం ఉండదు.

అమ్మానాన్నలను తీసుకెళ్లొచ్చా? మోకాళ్ల నొప్పులు ఉన్నాయి.

తీసుకెళ్లొచ్చు, కొంచెం ప్లాన్ ఉంటే. పై గేటు దగ్గర దిగి కిందికి నడిస్తే దారంతా పల్లమే, రెండు కిలోమీటర్ల లోపు. అసలు ఇబ్బంది నేల. వందల ఏళ్లుగా అరిగిన పాలరాయి నున్నగా జారుతుంది, వాన పడితే మరీ ప్రమాదం. రబ్బరు అడుగున్న బూట్లు, చేతికర్ర తప్పనిసరి. చెప్పులతో వద్దు. పై నుంచి కిందికి దిగే క్యూరెట్స్ వీధి మధ్యలో వాలు ఎక్కువ, అక్కడ చేయి పట్టుకోండి. థియేటర్ మెట్లు ఎక్కించకండి, కింద నుంచి చూసినా దాని పరిమాణం తెలుస్తుంది. చక్రాల కుర్చీతో అయితే మొత్తం దారి కష్టం. కింది గేటు నుంచి థియేటర్ పరిసరాల వరకు ఎవరైనా తోడుంటే చూడొచ్చు.

శాకాహారులకి భోజనం దొరుకుతుందా?

దొరుకుతుంది. పలచటి రొట్టెలో పాలకూర, జున్ను, బంగాళదుంప పెట్టి పెనం మీద కాల్చే గోజ్లెమె ప్రతి వీధిలోనూ ఉంటుంది. ఎర్ర కందిపప్పు సూప్, ఆలివ్ నూనెలో వండిన కూరగాయలు, ఉప్పు వేసిన అయ్రాన్ మన నాలుకకు బాగానే పడతాయి. సూప్‌లో మాంసం రసం కలిపారేమో అడగండి. స్థలం లోపల భోజనం దొరకదు, నీళ్ల సీసా మాత్రం మర్చిపోవద్దు.

గైడ్ అవసరమా?

మొదటిసారి వెళ్తుంటే, నలుగురు కలిసి పంచుకోగలిగితే లైసెన్సున్న గైడ్‌ను పెట్టుకోండి. మెడలో ప్రభుత్వ కార్డు ఉండాలి. మాట్లాడుకునేటప్పుడే షాపింగ్ వద్దని స్పష్టంగా చెప్పండి. తివాచీల దుకాణంలో, తోలు దుస్తుల ప్రదర్శనలో పోయే గంటన్నర శిథిలాల దగ్గర గడిపితే ఎంతో బాగుంటుంది.

## లోపల నడుస్తున్నప్పుడు

ఏ గేటు నుంచి మొదలుపెట్టాలి?

పై గేటు. వాలు కలిసొస్తుంది, ఊరు కూడా అదే వరుసలో విచ్చుకుంటుంది. మొదట పాలన నడిచిన అగోరా, తర్వాత క్యూరెట్స్ వీధి, చివర సంత, థియేటర్, రేవు. ఒక్క మినహాయింపు: క్రూయిజ్ ఓడల్లో వచ్చే బృందాలు కూడా పొద్దున పై గేటుకే వస్తాయి. జనం లేని సెల్సస్ లైబ్రరీ చూడాలని గట్టిగా ఉంటే తెరవగానే కింది గేటు నుంచి లోపలికి వెళ్లండి. ఎక్కాల్సి వస్తుంది, ఒంట్లో ఓపిక ఉండాలి.

దారిలో తప్పకుండా ఆగాల్సినవి ఏవి?

పై అగోరా దగ్గర మట్టి గొట్టాలు పోగుపోసి ఉంటాయి. చాలామంది వాటిని చూడకుండానే దాటేస్తారు. ఊరికి కొండల నుంచి నీళ్లు తెచ్చిన వ్యవస్థ తాలూకు గొట్టాలు అవి. రోమన్ చక్రవర్తి అగస్టస్ కాలంలో సెక్స్టిలియస్ పొల్లియో అనే ధనికుడు కట్టించిన కాలువ వంతెన సెల్చుక్ దక్షిణాన ఇప్పటికీ నిలబడి ఉంది. ఈ నీళ్లు లేకపోతే స్నానశాలలు, కొళాయి మంటపాలు ఏవీ లేవు.

ఆ పక్కనే చిన్న థియేటర్‌లా కనిపించేది బౌలెయుటెరియన్, నగర సభ కూర్చునే చోటు. సుమారు 1500 మంది పడతారు. దాని పక్కన ప్రిటనియన్, ఊరి పొయ్యి ఎప్పుడూ ఆరకుండా వెలిగిన చోటు. ఆర్టెమిస్ ప్రసిద్ధ విగ్రహాలు 1956లో దొరికింది అక్కడే. ఎవరో జాగ్రత్తగా పాతిపెట్టినట్టు ఉన్నాయి.

క్యూరెట్స్ వీధిలో ట్రాజన్ కొళాయి మంటపం దగ్గర ఆగి, గుండ్రటి గోళం పక్కన పెద్ద పాదం ఒక్కటే మిగిలిన విగ్రహాన్ని చూడండి. చక్రవర్తి పాదం అది. హేడ్రియన్ గుడి కమాను ముందు ఫొటోల తోపులాట ఉంటుంది. కాసేపు పక్కకు జరిగి దుకాణాల ముందున్న మొజాయిక్ నేలను చూడండి.

కిందికి దిగాక సెల్సస్ లైబ్రరీ పక్కన మూడు కమానుల ద్వారం కనిపిస్తుంది. మజేయస్, మిత్రిడేటిస్ అనే ఇద్దరు విముక్తి పొందిన బానిసలు అగస్టస్ కుటుంబానికి అంకితంగా క్రీ.పూ. 4–3లో కట్టించారు. బానిసలుగా ఉన్నవాళ్లు తమ పేర్లు అంత ఎత్తున చెక్కించుకున్నారు. ఈ ఊళ్లో నన్ను ఎక్కువసేపు నిలబెట్టేది ఆ ద్వారమే.

సెల్సస్ లైబ్రరీ అసలు కట్టడమేనా, కొత్తగా కట్టారా?

రాళ్లు చాలావరకు అసలువి, నిలబెట్టడం కొత్తది. భూకంపాలతో ముఖభాగం కూలిపోయింది. 1970ల్లో ఆస్ట్రియా నిపుణులు పడిన ముక్కలను గుర్తుపట్టి, వరుస కలిపి, దొరకని చోట్ల కొత్త ముక్కలు వేసి 1978 నాటికి పైకి లేపారు. నాలుగు స్త్రీమూర్తుల విగ్రహాలు నకళ్లు. అసలువి వియన్నాలో ఉన్నాయి.

ఇది లైబ్రరీ మాత్రమే అనుకోకండి, సమాధి కూడా. టైబీరియస్ జూలియస్ సెల్సస్ సార్డిస్ వాడు, గ్రీకు తూర్పు ప్రాంతం నుంచి రోమ్‌లో కాన్సుల్ అనే అత్యున్నత పదవికి ఎదిగిన తొలివాళ్లలో ఒకడు, ఈ ఆసియా రాష్ట్రానికి గవర్నరుగా చేశాడు. కొడుకు అక్విలా తండ్రి శవపేటికను కింద గదిలో ఉంచి పైన గ్రంథాలయం కట్టించాడు. ఊరి నడిబొడ్డున సమాధి పెట్టడం మామూలు వాళ్లకు దక్కని గౌరవం. సుమారు 12,000 గ్రంథపు చుట్టలు పట్టేవని అంచనా. గోడల్లో అరలు చూడండి. వెనక గోడకు, అరల గోడకు మధ్య ఖాళీ వదిలారు, తేమ గ్రంథాలకు తగలకుండా. ముఖభాగంలో మధ్య స్తంభాలను పక్క స్తంభాల కంటే కొంచెం పెద్దవి చేసి, ఉన్నదానికంటే వెడల్పుగా కనిపించేలా కట్టారు.

లైబ్రరీ నుంచి వేశ్యాగృహానికి సొరంగం ఉందట, పాదం గుర్తు దాని ప్రకటన అట. నిజమేనా?

గైడ్లు ఇష్టంగా చెప్పే కథ. ఆధారం లేదు. పాలరాతి వీధిలో పాదం, స్త్రీ తల, గుండె లాంటి గీత ఉన్నమాట నిజమే. దాన్ని ప్రకటనగా చదవడం ఈ కాలం వాళ్ల ఊహ. వేశ్యాగృహం అని చూపే ఇల్లు కూడా ఒక సంపన్నుల నివాసం అయ్యుండే అవకాశమే ఎక్కువ.

మేడమెట్ల ఇళ్లకు వేరే టికెట్ పెట్టడం అవసరమా?

కచ్చితంగా. డబ్బు ఎక్కడైనా తగ్గించుకోవాలంటే భోజనంలో తగ్గించుకోండి గానీ ఇక్కడ వద్దు. ధనికుల ఇళ్లు కొండవాలు మీద మెట్లుమెట్లుగా ఉన్నాయి. పెద్ద కప్పు కింద ఏడు నివాసాలు, గాజు బాట మీద నడుస్తూ పై నుంచి చూస్తాం. గోడల మీద రంగుల బొమ్మలు, నేల మీద మొజాయిక్, నేల కింద వేడి గాలి తిరిగే ఏర్పాటు, ఇంట్లోనే కొళాయిలు. గోడల గీతల్లో సరుకుల ధరల లెక్కలున్నాయి, ఆయుధాలతో పోటీల్లో పోరాడే గ్లాడియేటర్ల బొమ్మలున్నాయి. ఎవరో పనివాళ్లో పిల్లలో గీసుంటారు.

ఒక హాలులో గోడకు అతికించిన పాలరాతి పలకలు 1,20,000కు పైగా ముక్కలైపోయాయి. వాటిని బల్లల మీద పరిచి జత కలిపే పని ఏళ్లుగా సాగింది. ఇళ్లు 3వ శతాబ్దపు భూకంపాల్లో కూలాక తర్వాతి కాలంలో అదే చోట నీటి చక్రంతో రాయి కోసే రంపం పెట్టారు. రేవు వీధిలో ఊరి వైభవం తెలుస్తుంది, మనుషులు ఎలా బతికారో తెలిసేది ఇక్కడే.

థియేటర్‌లో ఎంతమంది పట్టేవాళ్లు? పాట పాడి చూడొచ్చా?

సుమారు 24,000 మంది అని అంచనా. నాటకాలు, ప్రజాసభలు, తర్వాత గ్లాడియేటర్ల పోటీలు అన్నీ ఇక్కడే. 1993లో దగ్గర్లోనే గ్లాడియేటర్ల శ్మశానం బయటపడింది. ఎముకల పరీక్షలో వాళ్లు ఎక్కువగా బార్లీ, చిక్కుడు జాతి గింజలు తిన్నారని తేలింది. మెల్లగా పాడి చూడండి, ధ్వని పైకి బాగానే వెళ్తుంది. ఎవరైనా ప్రార్థన చేసుకుంటుంటే ఆగండి. మరమ్మతుల వల్ల కొన్నిసార్లు పై వరుసలు మూసి ఉంచుతారు.

అనుపులో చూసిన రంగస్థలం గుర్తొచ్చింది. రెండిటికీ సంబంధం ఉందా?

నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలపు రంగస్థలం, నాలుగు వైపులా మెట్ల వరుసలతో, చప్పట్లు కూడా ప్రతిధ్వనించేలా ఉంటుంది. సాగర్ నీళ్లలో మునగకముందు దాన్ని అనుపుకి తరలించి కట్టారు. చూసినవాళ్లకు ఈ పోలిక తట్టడం సహజం. రోమన్ బంగారు నాణేలు నాగార్జునకొండలో దొరికాయి కాబట్టి ఆ ప్రపంచంతో వ్యాపారం ఉందని తెలుసు. కానీ ఎఫెసస్ నుంచే నమూనా వచ్చిందని చెప్పే ఆధారమేదీ లేదు. మనది చిన్నది, దీర్ఘచతురస్రం. ఇక్కడిది కొండను తొలిచిన అర్ధవృత్తం.

ఫొటోలు, డ్రోన్, జ్ఞాపకంగా చిన్న రాయి?

ఫొటోలు తీసుకోండి. డ్రోన్ అనుమతి లేకుండా ఎగరేయకూడదు. రాయి, పెంకు ముక్క ఏదీ తీయకండి. టర్కీలో 1983 నాటి 2863వ నంబర్ చట్టం ప్రకారం పురావస్తువును దేశం దాటించడం నేరం, విమానాశ్రయంలో సామాను తనిఖీ చేసినప్పుడు దొరికితే జైలు దాకా పోతుంది. గేటు బయట 'పాత నాణెం' అని చేతిలో పెట్టేవాళ్లకు దూరంగా ఉండండి. నకిలీ అయితే డబ్బు పోతుంది, అసలుదైతే కేసు అవుతుంది.

## ఊరి బయట చూడాల్సినవి

ఏడు వింతల్లో ఒకటైన ఆర్టెమిస్ గుడి దగ్గర ఒక్క స్తంభమే ఉందేం?

అదీ 1970ల్లో దొరికిన ముక్కలు పేర్చి నిలబెట్టిందే. గుడి 127 స్తంభాలతో ఉండేదని రోమన్ రచయిత ప్లీనీ రాశాడు. లిడియా రాజు క్రీసస్ సాయంతో క్రీ.పూ. 6వ శతాబ్దంలో కట్టిన గుడిని క్రీ.పూ. 356లో హెరోస్ట్రాటస్ అనేవాడు పేరు కోసం తగలబెట్టాడని చెబుతారు. మళ్లీ కడుతున్నప్పుడు ఖర్చు భరిస్తానన్న అలెగ్జాండర్‌ను ఊరివాళ్లు వద్దన్నారు. గోత్ అనే తెగవాళ్లు దాడి చేశాక, క్రైస్తవం వచ్చాక రాళ్లు వేరే కట్టడాల్లోకి పోయాయి. పునాదుల్లో దొరికిన ఎలెక్ట్రమ్ (బంగారం, వెండి కలిసిన లోహం) నాణేలు ప్రపంచంలో తొలి నాణేల్లోవి. నీళ్లు నిలిచిన గుంట, బాతులు, కొంగ గూడు. నిరాశ పడతారని కొందరు వెళ్లొద్దంటారు. నేను వెళ్లమనే చెబుతాను, పది నిమిషాలే.

ఆర్టెమిస్ విగ్రహం ఛాతీ మీద ఉన్నవి ఏమిటి?

స్తనాలని పాత వ్యాఖ్య. బలి ఇచ్చిన ఎద్దుల వృషణాలని మరో వాదం. గుడి తవ్వకాల్లో చుక్క ఆకారపు అంబర్ పూసలు దొరికాక, అవి అమ్మవారికి వేసిన ఆభరణాలను పోలి చెక్కినవి కావచ్చని ఇంకొందరు అంటారు. తేలలేదు. సెల్చుక్‌లోని ఎఫెసస్ మ్యూజియంలో విగ్రహాలను దగ్గరగా చూసి మీరే ఆలోచించండి. వస్త్రం మీద సింహాలు, తేనెటీగలు ఎంత నాజూగ్గా చెక్కారో!

మరియమ్మ ఇల్లు నిజంగా ఆమెదేనా?

19వ శతాబ్దంలో ఒక జర్మన్ సన్యాసిని దర్శనాల వర్ణన ఆధారంగా వెతికితే బుల్బుల్‌దా కొండ మీద ఈ రాతి ఇల్లు దొరికింది. చరిత్ర ఆధారంగా రుజువు కాలేదు. విశ్వాసులకు అది పుణ్యక్షేత్రం. 1967లో ఆరో పాల్, తర్వాత మరికొందరు పోపులు వచ్చారు. ముస్లింలు కూడా వచ్చి మొక్కుకుంటారు. టికెట్ వేరు, టాక్సీలో వెళ్లాలి. క్రీ.శ. 431లో క్రైస్తవ మతపెద్దల ఎఫెసస్ మహాసభ జరిగిన మరియమ్మ చర్చి మాత్రం కింది గేటు దగ్గర శిథిలాల్లోనే ఉంది. చాలా బృందాలు దాన్ని చూడకుండా వెళ్లిపోవడం నాకు బాధగా ఉంటుంది.

## తవ్వకాల గురించి

ఈ ఊరిని ఎవరు తవ్వారు? ఇంకా తవ్వుతున్నారా?

రైల్వే స్టేషన్లు కట్టడానికి వచ్చిన బ్రిటిష్ ఇంజనీర్ జాన్ టర్టిల్ వుడ్ 1863లో తవ్వకం మొదలుపెట్టి, ఆర్టెమిస్ గుడి కోసం ఏళ్ల తరబడి వెతికి, 1869 డిసెంబర్ 31న పాలరాతి నేలను తాకాడు. 1895 నుంచి ఆస్ట్రియా పురావస్తు శాస్త్రజ్ఞులు, వాళ్లతో పాటు టర్కీ శాస్త్రజ్ఞులు పని చేస్తూ వచ్చారు. 2015లో యునెస్కో జాబితాలోకి చేరింది. నగరంలో చాలా భాగం ఇంకా మట్టి కిందే ఉంది.

2022లో, క్రీ.శ. 614–615 ప్రాంతంలో ఒక్కసారిగా నాశనమైన దుకాణాల వరుస బయటపడింది. ఉప్పు చేపలున్న గిన్నెలు, యాత్రికులకు అమ్మే చిన్న సీసాలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

క్లియోపాత్రా చెల్లెలి సమాధి ఇక్కడే ఉందట?

అర్సినోయె అనే ఆ చెల్లెల్ని రోమన్ నాయకుడు ఆంటోనీ ఆజ్ఞతో క్రీ.పూ. 41లో ఎఫెసస్‌లోనే చంపారు. క్యూరెట్స్ వీధిలోని ఎనిమిది ముఖాల సమాధి ఆమెదేనని చాలాకాలం అనుకున్నారు. 1929లో అక్కడి నుంచి తీసుకెళ్లిన పుర్రెను వియన్నాలో మళ్లీ పరీక్షించి 2025లో ఫలితం ప్రకటించారు. అది 11 నుంచి 14 ఏళ్ల మగపిల్లవాడిది. గైడ్ ఇంకా పాత కథే చెబితే మర్యాదగా ఈ మాట చెప్పండి.

టర్కీ వెళ్లలేం. లండన్‌లో, వియన్నాలో ఏమైనా చూడొచ్చా?

చూడొచ్చు. ఆర్టెమిస్ గుడి తాలూకు శిల్పాలు చెక్కిన స్తంభపు మొదలు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది, ఉచితం. వియన్నాలో హాఫ్‌బర్గ్ భవనంలో ఎఫెసస్ మ్యూజియం పేరుతో ప్రత్యేక విభాగమే ఉంది. 1906 దాకా తవ్వకాల్లో దొరికినవి అక్కడికి వెళ్లాయి: లైబ్రరీ విగ్రహాలు, పార్థియన్లతో (ఇరాన్ ప్రాంతపువాళ్లతో) రోమన్ల యుద్ధాన్ని చూపే శిల్పాల పొడవాటి వరుస, నగర నమూనా. ఆ తర్వాత ఒట్టోమన్ చట్టం బయటికి పంపడాన్ని ఆపేసింది. యూరప్‌లో ఉన్న తెలుగువాళ్లు ఆ నమూనా ముందు పావుగంట నిలబడి రేవు, కొండలు, గోడ ఎక్కడున్నాయో గుర్తుపెట్టుకుని తర్వాత సెల్చుక్ వెళ్తే సగం గైడ్ పని అయిపోయినట్టే.